మోదుగుపువ్వుకి వెల్వియా వద్దు: సిరొంచలో ఐదు స్లైడ్ రీళ్ల కథ

ఇరవై స్లైడ్లు కావాలన్నారు మాస్టారు. మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న మా సిరొంచ దగ్గరి ఒక మరాఠీ బడిలో స్టోర్ రూమ్ సర్దుతుంటే, ఫిల్మ్ మీది రంగుల బొమ్మని గోడ మీద పెద్దగా చూపించే పాత స్లైడ్ ప్రొజెక్టర్ ఒకటి బయటపడింది. గుండ్రటి ట్రే, 24 వోల్టుల 250 వాట్ల హాలోజన్ బల్బు. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరిగింది, బల్బు కూడా వెలిగింది. ఆయన దాన్ని బండి మీద పెట్టుకుని నేరుగా నా స్టూడియోకి తెచ్చేశారు. "పిల్లలు బళ్లె పళస్ అని రాస్తరు, ఇంట్ల మోదుగు అంటరు, రెండూ ఒక్కటే చెట్టని సగం మందికి తెల్వదు. మోహ, ఇప్ప కూడ అంతే. మన అడివిని మన గోడ మీదనే చూపిద్దాం" అన్నారు. ఆ మాట నాకు బాగా పట్టుకుంది. మోదుగు పూత, ఇప్పపువ్వు ఏరడం, ప్రాణహిత ఒడ్డు, ఈ మూడూ రావాలి, ఇరవై స్లైడ్లలో.

నేను స్టూడియో నడుపుతాను. పెళ్లిళ్లు, పాస్‌పోర్ట్ ఫోటోలు, అన్నీ డిజిటలే. కానీ పని నేర్చుకున్నది రీల్ మీద, నికాన్ ఎఫ్ఎం2 ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది, 50, 105 లెన్సులు ఉన్నాయి. స్లైడ్ తీసి మాత్రం చాలా ఏళ్లయింది. ఫిబ్రవరి చివర మొదలుపెడితే ఏప్రిల్ రెండో వారానికి అయింది, మొత్తం ఐదు రీళ్లు, అంటే 180 ఫ్రేములు. వాటిలో సగానికి పైగా పనికిరాకుండా పోయాయి. రీల్, కడిగింపు, కొరియర్ కలిపితే ఒక్క క్లిక్కు నాకు వంద రూపాయల దాకా పడింది కాబట్టి ఏది ఎందుకు పోయిందో దాచకుండా రాస్తున్నాను, నేను పోగొట్టుకున్నది ఇంకొకరు పోగొట్టుకోనక్కర్లేదు.

ముందు ఫిల్మ్ ఎంచుకోవడం. కొత్తగా దొరికే కలర్ స్లైడ్ ఫిల్మ్‌లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1935లో వచ్చిన కొడాక్రోమ్ 2009లో ఆగిపోయింది, దాన్ని కడిగే చివరి ల్యాబ్ కూడా 2010 డిసెంబర్ 30తో రీళ్లు తీసుకోవడం మానేసింది, కాబట్టి ఎవరింట్లోనైనా పాత కొడాక్రోమ్ రీల్ దొరికితే దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఎక్టాక్రోమ్‌ని 2012లో ఆపేశారు, 2018లో ఇ100 పేరుతో మళ్లీ తెచ్చారు. ఫ్యూజీ నుంచి 1990లో వచ్చిన వెల్వియా ఉంది, మధ్యలో కొన్నాళ్లు ఆగి మళ్లీ వచ్చింది. ప్రొవియా 100ఎఫ్ ఉంది. నేను ఈ మూడిటి చుట్టూనే ప్లాన్ వేసుకున్నాను. మోదుగు అంటే మంటలాంటి నారింజ రంగు కాబట్టి రంగుకి పేరుమోసిన వెల్వియా 50, ఇప్పపువ్వు ఏరే మనుషులకి ఇ100, నదికి ఏది మిగిలితే అది. చెప్పుకోవడానికి బాగానే ఉంది. మొదటి రీల్‌తోనే ఈ లెక్క తలకిందులైంది.

ఫిబ్రవరి చివరి వారం, ఆలాపల్లి రోడ్డు పక్కన మోదుగులు ఆకు ఒక్కటి లేకుండా విరగబూసి ఉన్నాయి. పొద్దున ఎనిమిదింటి ఎండ, వెనక నీలం ఆకాశం, అంతకంటే ఏం కావాలి. వెల్వియా 50ని (వెలుగుకి ఫిల్మ్ ఎంత చురుకో చెప్పే అంకె అది) చాలామంది కెమెరాలో 40 పెట్టి తీస్తారు, ఒక మూడో వంతు స్టాప్ వెలుగు ఎక్కువ ఇస్తే నీడలు మరీ నల్లబడవని; ఒక స్టాప్ పెంచితే వెలుగు రెట్టింపు, తగ్గిస్తే సగం. నేనూ 40 పెట్టాను. ప్రతి కొమ్మకీ నార్మల్ ఒకటి, అర స్టాప్ తగ్గించి ఒకటి, ఒక స్టాప్ తగ్గించి ఒకటి తీశాను. రీల్ కడిగి వచ్చాక లైట్ మీద పెట్టి, 50 లెన్స్‌నే తిరగేసి లూప్ అనే భూతద్దంలా కంటికి ఆనించి చూస్తే గుండె జారింది. నార్మల్ ఫ్రేముల్లో పువ్వు లేదు, నారింజ రంగు ముద్ద ఉంది. రేకు ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియదు. అర స్టాప్ తగ్గించిన ఫ్రేముల్లో రేకుకి కొంచెం రూపం వచ్చింది గానీ తొడిమె దగ్గరి నల్లటి గిన్నె, కొమ్మ, అన్నీ కలిసి తారు పూసినట్టు నల్లగా అతుక్కుపోయాయి.

మోదుగుపువ్వుని చేతిలోకి తీసుకుని చూడండి. చిలక ముక్కులా వంగిన రేకు మీద సన్నటి వెండి నూగు ఉంటుంది, వేలితో రాస్తే మెత్తగా తగులుతుంది, పక్క వెలుతురులో అది పట్టు గుడ్డలా మెరుస్తుంది. రేకుని పట్టుకున్న గిన్నె ముదురు గోధుమ రంగులో వెల్వెట్‌లా ఉంటుంది. మోదుగు అందమంతా ఈ రెండిటి మధ్య తేడాలో ఉంది. వెల్వియా రంగుని పెంచుతుంది, కాంట్రాస్ట్‌నీ పెంచుతుంది. అసలే నిండుగా ఉన్న నారింజ రంగుని ఇంకా పెంచితే ఇక అందులో హెచ్చుతగ్గులు చూపించడానికి చోటుండదు, నూగు మెరుపు ఆ రంగులో మునిగిపోతుంది. నాకు ఇందులో మిగిలింది ఒక్కటే, దూరం నుంచి తీసిన అడివి ఫ్రేమ్, దాంట్లో చెట్లు చిన్నవి, మిగతా అడివి ఎండిపోయి బూడిద రంగులో ఉంది. ఈ ఒక్క ఫ్రేమే నాకు తర్వాత దారి చూపించింది.

రెండో రీల్ ఇ100. అదే రోడ్డు, అవే చెట్లు, వారం తర్వాత. 100 దగ్గరే పెట్టి, పువ్వు మీదే మీటర్ తీసి, అంటే కెమెరాతో వెలుగు కొలిచి, అర స్టాప్ తెరిచాను, అంటే అంత వెలుగు ఎక్కువ ఇచ్చాను, అంతే. వెండి నూగు వచ్చింది. గిన్నెలో గోధుమ రంగు వచ్చింది. పువ్వు మీద వాలిన పిట్ట కాలి గోళ్లు కూడా కనబడుతున్నాయి. నారింజ రంగు చెట్టు మీద ఉన్నంతే ఉంది. 18 ఫ్రేముల్లో ఐదు ట్రేకి ఎక్కాయి. అప్పటి నుంచి నేను నమ్మేది ఇది: రంగు దండిగా ఉన్నచోట రంగుని పెంచని ఫిల్మ్ పెట్టాలి, రంగు పలచగా ఉన్నచోట వెల్వియా పెట్టాలి. పువ్వులకి వెల్వియా అని అలవాటుగా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ అలాగే అనుకున్నవాణ్ణే. మన మోదుగు మీద, మన ఎండలో ఆ సలహా పనిచేయదు.

ఆ రీల్‌లో మిగిలిన 18 ఫ్రేముల సంగతి వేరు. అది నా తప్పు, వివరంగా చెప్పాలి.

ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలడం మొదలవుతుంది. అంకీస దారిలో మాకు తెలిసిన కుటుంబం ఒకటి ఏటా ఏరుతుంది, ఆ ఇంటి పెద్దమ్మ నన్ను చిన్నప్పటి నుంచి ఎరుగును. "నాలుగింటికి రా బిడ్డా, సూర్యుడొస్తే పువ్వు వాడుతది" అంది. పువ్వు బాగా కనబడాలని చెట్టు కింద రాలిన ఆకుల్ని ముందే ఊడ్చి కాల్చేస్తారు, అందుకని నేలంతా నల్లటి బూడిద. దాని మీద వెన్నరంగు పూలు, వేలి కొసంత, ద్రాక్షపండులా నీళ్లు నిండి ఉంటాయి. ఆ సీజన్‌లో ఇప్పచెట్టుకీ ఆకు ఉండదు కాబట్టి ఆకాశం వెలుతురు తిన్నగా కిందికి దిగుతుంది. ఆరుంబావు దాటాక వెలుతురు చాలినంత వచ్చింది, కెమెరా ఎత్తాను, వ్యూఫైండర్‌లో వెలుగు సరిపోయిందని మీటర్ చెప్పే ఎర్ర సున్న వెలిగేదాకా షట్టర్ తిప్పాను, తీశాను.

ఎఫ్ఎం2 మీటర్‌కి మధ్య గుండ్రం మీదే ఎక్కువ నమ్మకం. మధ్యలో ఏముంది? నల్ల బూడిద. మీటర్‌కి అది బూడిద అని తెలియదు, ఎదురుగా ఉన్నదాన్ని మధ్యస్థపు బూడిద రంగుకి తేవడమే దాని పని. నల్లదాన్ని అంత పైకి లాగడానికి దాదాపు రెండు స్టాప్‌లు ఎక్కువ వెలుగు ఇచ్చింది. నెగటివ్ ఫిల్మ్ అయితే రెండు స్టాప్‌లు ఓవర్ అయినా ఓర్చుకుంటుంది, ప్రింట్ వేసేటప్పుడు సర్దుకోవచ్చు. స్లైడ్‌లో ప్రింట్ అనే మెట్టే లేదు, కెమెరాలో వెలుగు తగిలిన ఫిల్మ్ ముక్కే చివరికి ప్రొజెక్టర్‌లోకి వెళ్తుంది. ఎక్కువ వెలుగు తగిలినచోట రంగు పూర్తిగా కడుక్కుపోయి ఉత్త గాజులా మిగులుతుంది. నా పూలన్నీ అలా తెల్లటి చిల్లులైపోయాయి. 18 ఫ్రేములూ. స్లైడ్ చూపించగలిగిన వెలుగునీడల తేడా దాదాపు ఐదు స్టాప్‌లు, అర స్టాప్ తప్పితే తేడా కంటికి కనబడుతుంది, ఒక స్టాప్ తప్పితే ఫ్రేమ్ పోయినట్టే. అందుకే స్లైడ్‌లో నీడలకి కాదు, వెలుగుకి ఎక్స్‌పోజ్ చేయాలి: ఫ్రేములో అన్నిటికంటే తెల్లగా ఉండి, అయినా వివరం కనబడాల్సిన వస్తువు ఏదో ముందు వెతకాలి, దాని మీదే మీటర్ తీయాలి.

ఆ ఫ్రేములు చూశాక నేను చేసింది చాలా సులువు. పెద్దమ్మ గంప సగం నిండాక దాని దగ్గరికి వెళ్లి, వ్యూఫైండర్ నిండా పూలే వచ్చేట్టు వంగి మీటర్ తీసి, అక్కడి నుంచి ఒకటిన్నర స్టాప్ తెరిచాను. షట్టర్ పూర్తి స్టాప్‌లకే తిరుగుతుంది, అర స్టాప్ కావాలంటే లెన్స్ రింగ్‌ని రెండు అంకెల మధ్య ఆపాలి. గంప లేనప్పుడు అరచెయ్యి. తీయబోయేదాని మీద పడే వెలుతురులోనే అరచెయ్యి పెట్టి, దాని మీద మీటర్ తీసి ఒక స్టాప్ తెరిస్తే సరిపోతుంది, ఒంటి రంగు ఏదైనా అరచేతులు ఇంచుమించు ఒకేలా ఉంటాయి కాబట్టి ఇది ఎవరికైనా పనికొస్తుంది. వెలుతురు ఐదు నిమిషాలకోసారి మారుతుంది, ప్రతిసారీ మళ్లీ తీయాల్సిందే.

ఇంకో ఇబ్బంది, స్పీడ్. ఏరే చెయ్యి ఆగదు. పెద్దమ్మ రెండు చేతులతో ఏరుతుంది, కుడిచేత్తో నాలుగు పూలు పడితే ఎడమచెయ్యి అప్పటికే పక్కకి పోయి ఉంటుంది. 100 ఫిల్మ్‌తో ఎఫ్ 2.8 దగ్గర నాకు ముప్పయ్యో వంతు, మహా అయితే అరవయ్యో వంతు సెకను వస్తోంది, వేళ్లు చెదిరిపోతున్నాయి. సూర్యుడు పైకొచ్చేదాకా ఆగుదామంటే కొమ్మల సందుల్లోంచి ఎండ మచ్చలు నేల మీద పడతాయి, ఎండలో పువ్వు, నీడలో ముఖం, అది స్లైడ్ మోసే తేడా కాదు. అందుకని మూడో రీల్‌కి ప్రొవియా 100ఎఫ్ పెట్టి 200 అని డయల్ తిప్పాను, కడిగేటప్పుడు ఒక స్టాప్ పుష్ చేయించాలని, అంటే డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచి తగ్గిన వెలుగుని సర్దించాలని. ప్రొవియా పుష్‌ని బాగా తట్టుకుంటుంది, గ్రెయిన్, అంటే బొమ్మలో గరుకు చుక్కలు, పెద్దగా లేవదు, కాంట్రాస్ట్ కొంచెం పెరుగుతుంది, తెల్లవారి మెత్తటి వెలుతురులో అది మంచికే. వెల్వియా ఇక్కడ ఎందుకు వద్దంటే స్పీడ్ ఒక్కటే కారణం కాదు, మన చామనచాయ ముఖాల్ని అది ఇటుక రంగుకి లాగుతుంది. పెద్దమ్మ ముఖం అలా రావడం నాకు ఇష్టం లేదు.

సూర్యుడు రాకముందు వెలుతురు నీలంగా ఉంటుంది, కంటికి తెలియదు, ఎండకి సరిచేసిన ఫిల్మ్‌కి మాత్రం బాగా తెలుస్తుంది. వెన్నరంగు పువ్వు నీలం తిరిగితే అది ఇప్పపువ్వే కాదు. లెన్స్‌కి 81బి ఫిల్టర్ తగిలించాను, లేత తేనె రంగులో ఉంటుంది, మూడో వంతు స్టాప్ తింటుంది, మీటర్ లెన్స్ లోపలి నుంచే చూస్తుంది కాబట్టి ఆ లెక్క దానంతటదే సర్దుకుంటుంది.

మూడో రీల్‌ని ఒక పెద్ద ఊరి ల్యాబ్‌కి పంపాను. డబ్బా మీద మార్కర్‌తో 'పుష్ 1' అని రాశాను, లోపల చీటీ పెట్టాను, ఫోన్ చేసి కూడా చెప్పాను. వాళ్లు మామూలుగా కడిగేశారు. 36 ఫ్రేములూ ఒక స్టాప్ చీకటిగా వచ్చాయి. అడిగితే మెషిన్‌లో అన్నీ ఒకే టైమ్‌కి పోతాయని చెప్పారు, ఆ మాట ముందే చెప్పి ఉంటే నేను పంపేవాణ్ణి కాదు. ఇద్దరు ఆడపిల్లలు గంపలతో గట్టు మీద నడిచిపోతున్న ఫ్రేములు రెండు, ఆకాశం ముందు నల్లటి ఆకారాలు కాబట్టి, ఆ చీకటిలోనే అందంగా ఉన్నాయి. మిగతావి స్కాన్ చేసి ఫోన్‌లో చూసుకోవడానికి సరిపోతాయి గానీ ప్రొజెక్టర్‌కి కావు.

అప్పటికి మార్చి చివర. ఇప్పపువ్వు ఇంకో పది పదిహేను రోజులు. ఇక నేనే కడుగుదామని స్లైడ్ ఫిల్మ్ కడిగే ఇ-6 రసాయనాల కిట్ తెప్పించాను. ఇ-6లో ప్రాణమంతా మొదటి డెవలపర్‌లోనే ఉంది, స్లైడ్ ఎంత వెలుతురుగా, ఎంత చీకటిగా రావాలో అక్కడే తేలిపోతుంది. 38 డిగ్రీలు, మామూలుగా 6 నిమిషాలు, ఒక స్టాప్ పుష్‌కి 8 నిమిషాలు. మిగతా ద్రావణాలు కొంచెం అటూ ఇటూ అయినా ఓర్చుకుంటాయి, ఇది పావు డిగ్రీ తేడాని కూడా గుర్తుపడుతుంది. చల్లటి ఊళ్లలో వాళ్లు నీళ్లు కాచుకోవాలి. మాకు రాత్రి తొమ్మిదింటికి కూడా ట్యాంకు నీళ్లు నలభై దాటి ఉన్నాయి, ఫ్రిజ్ నీళ్లు కలిపి దించాను. అయితే గది కూడా ఇంచుమించు ఆ వేడిమీదే ఉండటంతో ఒకసారి 38కి వచ్చిన బకెట్ కదలకుండా నిలబడింది, ఎనిమిది నిమిషాల్లో థర్మామీటర్ గీత జరగలేదు. మన ఎండాకాలం ఇ-6కి కలిసొస్తుందని నేనైతే ఊహించలేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. వెలుతురు చొరని ఛేంజింగ్ బ్యాగ్‌లో ఫిల్మ్‌ని ట్యాంకు లోపలి స్పైరల్‌కి చుట్టేటప్పుడు ఆ వేడికి చేతులు చెమటపట్టి ఫిల్మ్ దానికి అతుక్కుంటుంది, బలంగా తోస్తే మడత పడుతుంది, మడత పడినచోట నెలవంకలాంటి మచ్చ పడుతుంది. రాత్రి పూట బాత్‌రూమ్ కిటికీకి దుప్పటి కట్టి, లైటు ఆర్పి, చేతులు తుడుచుకుంటూ బ్యాగ్ బయటే చుట్టుకోవడం మేలు. చివరి కడుగుడుకి బోరు నీళ్లు కాకుండా డిస్టిల్డ్ వాటర్ వాడాను, లేకపోతే ఆరాక సున్నపు చుక్కలు మిగులుతాయి.

ట్యాంక్ మూత తీసి నాలుగో రీల్ బయటికి లాగినప్పుడు ఫిల్మ్ పాలపొరలా మసకగా ఉంది. పోయిందనుకున్నాను. తడి మీద స్లైడ్ అలాగే కనబడుతుందన్న సంగతి మర్చిపోయాను, చాలా ఏళ్లయింది కదా. గంటసేపు వేలాడదీసి మళ్లీ వెళ్తే ట్యూబ్‌లైట్ ముందు పెద్దమ్మ చెయ్యి, బూడిద, అందులో పూలు, ఒక్కొక్క పువ్వు లోపల నీరు నిండిన మెరుపుతో సహా. ఆ రీల్ ఒక్కదాంట్లోంచి తొమ్మిది స్లైడ్లు తీసుకున్నాం.

నది గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, అది అనుకున్నట్టే వచ్చింది. మార్చి, ఏప్రిల్‌లో ప్రాణహిత సన్నబడి ఇసుక మేటలు పైకి తేలతాయి. గాలిలో దుమ్ము, ఆకాశం పాలిపోయి ఉంటుంది, అవతల తెలంగాణ ఒడ్డు మీద పొద్దు గుంకుతున్నా రంగు సరిగ్గా పండదు. ఇక్కడ పెట్టాను వెల్వియా. కంటికి మాసిన గులాబీ రంగుగా ఉన్నది స్లైడ్‌లో గులాబీ అయింది, తడి ఇసుకలో ఊదా రంగు కనబడింది. ఆకాశం వైపు మాత్రమే వెలుగు తగ్గించే రెండు స్టాప్‌ల గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ పెట్టి, స్టాండ్ మీద తీశాను. షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచేకొద్దీ ఫిల్మ్ చురుకు తగ్గుతుంది. వెల్వియా 50తో ఒక సెకను దాకా ఏ లెక్కా అక్కర్లేదు, నాలుగు సెకన్లకి మూడో వంతు స్టాప్ కలపాలి, ముప్పయి సెకన్ల దగ్గరకి వచ్చేసరికి ఒక స్టాప్ కలపాల్సి వస్తుంది. ప్రొవియా అయితే రెండు నిమిషాల దాకా ఏమీ కలపకుండా తీయొచ్చు, చీకటి పడ్డాక తీసేవాళ్లకి అదే నయం. ఐదో రీల్‌లోంచి మూడు.

ఎండ సంగతి. ఏ రీల్‌నీ బండి డిక్కీలో పెట్టలేదు, మా వైపు ఏప్రిల్ మధ్యాహ్నం డిక్కీ ఇనుము చెయ్యి పెట్టనివ్వదు, ఆ వేడిలో రంగు పొరలు సమంగా పాడవ్వవు, స్లైడ్ మొత్తం ఏదో ఒక రంగు వైపు తిరుగుతుంది. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టి, ముందు రోజు రాత్రే తీసి, డబ్బా మూత తెరవకుండా బయట ఉంచేవాణ్ణి, చల్లటి ఫిల్మ్‌కి వేడి గాలి తగిలితే నీటి చెమ్మ పడుతుంది. అడివిలో అయితే పెద్దమ్మ వాళ్ల రంజన్ (నీళ్ల కుండ) పక్కన, నీడలో, గుడ్డసంచిలో.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం బడి వరండాలో వేశాం. మొదట దుప్పటి కట్టారు, వెలుతురు సగం గుడ్డ దాటి వెనక్కి పోతోంది, తీసేసి సున్నం వేసిన గోడ మీదే వేస్తే రంగు నిలబడింది. స్లైడ్‌ని తలకిందులుగా పెట్టాలి, అదీ సరైన వైపు తిప్పి పెట్టాలి. నేను హడావిడిలో ఒకటి తిరగేసి పెట్టాను, నాకు తెలియనే లేదు. ముందు వరుసలో కూర్చున్న పెద్దమ్మ వెంటనే "అగో, నా పైట కుడి బుజం మీదికి ఎట్లొచ్చె?" అంది. ట్రేలోంచి తీసి తిప్పి పెట్టాను, పైట ఎడమకి వచ్చింది. ఆ తర్వాత నుంచి ప్రతి స్లైడ్ మూలకీ ఎర్ర చుక్క పెట్టుకున్నాను, బొటనవేలు ఆ చుక్క మీద పడితే స్లైడ్ సరిగ్గా ఉన్నట్టు.

అట్ట ఫ్రేముల్లో పెట్టిన స్లైడ్లు బల్బు వేడికి రెండు మూడు సెకన్లలో పొంగుతాయి, బొమ్మ ఒక్కసారిగా మసకేస్తుంది, మళ్లీ ఫోకస్ తిప్పుకోవాలి. బొమ్మ నిలిచాక పిల్లలు లేచి గోడ దగ్గరికి పోయి మోదుగు రేకుని చేత్తో ముట్టుకున్నారు. మాస్టారు రెండు పేర్లూ చెబుతున్నారు, పళస్, మోదుగు, మోహ, ఇప్ప.

నాలుగో రీల్‌లోని గంప స్లైడ్ వచ్చింది. పెద్దమ్మ లేచి దగ్గరికి వచ్చి వేలు పెట్టి చూపించింది. "ఇది ఇప్పుడే రాలింది. గిది నిన్నటిది, చూడు, అంచు ఎర్రబడ్డది." నేను లూప్‌తో పదిసార్లు చూశాను ఆ ఫ్రేమ్‌ని, ఆ తేడా నాకు కనబడలేదు. ఆమె చెప్పాక చూస్తే ఉంది, రెండు వెన్నరంగుల మధ్య ఒక చిన్న తేడా, ఫిల్మ్ దాన్ని పట్టుకునే ఉంది.

ప్రొజెక్టర్ వెలుతురులో స్లైడ్‌ని ఎక్కువసేపు ఉంచకూడదు, రంగులు క్రమంగా వెలుస్తాయి, ఒక నిమిషం దాటనివ్వను. ఆ ఒక్కదాన్ని మాత్రం ఆమె గంపలోని పూలన్నీ చెప్పేదాకా ఉంచాను. అదే ఫ్రేమ్‌ని కెమెరాలో రెండుసార్లు తీసి పెట్టుకున్నాను కాబట్టి రెండోది ఫ్రిజ్‌లో భద్రంగా ఉంది.